గోజో దీవిలో ఆరు రోజులు: పెద్దవాళ్ళతో ఏ తీరానికి వెళ్ళాలి?

ప్రశ్న: పెన్నాతీరం (కడప)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి రెండేళ్ళుగా మధ్యధరా సముద్రంలో ఉన్న మాల్టా దేశంలో నర్సుగా పనిచేస్తోంది. ఈ సెప్టెంబరు చివరి వారంలో నేనూ, మా ఆయనా, డెబ్బై నాలుగేళ్ళ మా అత్తగారూ దాని దగ్గరికి వెళ్తున్నాం. అమ్మాయికి ఆరు రోజులు సెలవు దొరికింది. ఆ ఆరు రోజులూ పక్కనే ఉన్న గోజో అనే చిన్న దీవిలో గది తీసుకుని, రోజుకొక సముద్రతీరం చూపిస్తానని అంటోంది.

కడపలో పుట్టి పెరిగినవాళ్ళం కనుక సముద్రమంటే మాకు తెలిసింది నెల్లూరు దాటి వెళ్ళి చూసే మైపాడు ఒక్కటే. కనుచూపు మేర ఇసుక, పాదాల మీదికి వచ్చి వెనక్కి పోయే అల, ఆ అల తిరిగి పోయేటప్పుడు మడమల కింద నుంచి జారిపోయే ఇసుక. మా అత్తగారు కోరుకుంటున్నది కూడా అంతే. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని పది నిమిషాలు నీళ్ళలో నిలబడాలని ఆమె ఆశ. కానీ అమ్మాయి పంపిన ఫొటోలలో ఎక్కువ చోట్ల ఇసుకే కనబడటం లేదు. రాతిబండలు, వాటికి బిగించిన ఇనుప నిచ్చెనలు, ఆ నిచ్చెన కిందే లోతైన నీలి నీళ్ళు కనబడుతున్నాయి. మాలో ఎవరికీ ఈత రాదు. మా ఆయన చదునైన నేల మీద ఎంత దూరమైనా నడుస్తారు గానీ, మోకాళ్ళ నొప్పి వల్ల యాభై మెట్లు దిగి ఎక్కడం ఆయన వల్ల కాదు.

ఇటువంటి మాకు అక్కడ అనువైన తీరాలు ఏవి? ముందుగానే ఏ రోజు ఎక్కడికో నిర్ణయించుకుని, దాని ప్రకారం బండి మాట్లాడుకోవడం మంచిదా? జెల్లీచేపలు కుడతాయని విన్నాను, అది ఎంతవరకు నిజం? ఒక ఫొటోలో ఇసుక మా పొలాల్లో ఎర్రమట్టిలా కనబడింది. అది నిజమైన రంగేనా, లేక ఫొటోకు వేసిన మెరుగా? అక్కడికి వెళ్ళి వచ్చినవాళ్ళు వివరంగా చెబితే ఎంతో ఉపకారం చేసినవాళ్ళవుతారు.

జవాబు: గుత్తికోట (అనంతపురం)

అక్కగారూ, నేను మాల్టాలో నాలుగేళ్ళు ఒక హోటల్ వంటశాలలో పనిచేశాను. సెలవు దొరికిన ప్రతిసారీ గోజోకు పోయేవాణ్ణి. అందుచేత మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఏ రోజు ఏ తీరానికి వెళ్ళాలో ముందుగా నిర్ణయించుకోవద్దు. ఏ తీరం బాగుంటుందని అక్కడి జాలరిని అడిగితే నేరుగా పేరు చెప్పడు, ఈ రోజు గాలి ఎటు నుంచి వీస్తోందో చూస్తాడు. గోజో మొత్తం వైశాల్యం 67 చదరపు కిలోమీటర్లే. ఈ చివర నుంచి ఆ చివరకు పద్నాలుగు కిలోమీటర్లు ఉంటుంది. కాబట్టి ఉత్తర తీరంలో అలలు ఎగసిపడుతున్న రోజున, బండిలో అరగంట లోపే దక్షిణ తీరానికి చేరుకుని, చెరువులా నిశ్చలంగా ఉన్న నీళ్ళు చూడవచ్చు. ఈ ఒక్క సంగతి తెలియక, పొద్దున్నే ఉత్తరం వైపు పోయి, ఎగసిపడే సముద్రాన్ని చూసి నిరాశతో గదికి తిరిగి వచ్చినవాళ్ళను నేను చాలామందిని చూశాను.

ఇల్లు కట్టేటప్పుడు దిక్కులు చూసుకునే మనకు ఇది కష్టమైన లెక్క కాదు. అక్కడ ఎక్కువగా వీచేది వాయవ్య గాలి, దాన్ని వాళ్ళు మజ్జిస్ట్రాల్ అంటారు. అది వీచే రోజున దక్షిణ, ఆగ్నేయ తీరాలలో ఉన్న ఇమ్జార్ ఇష్-షీని, హొండోక్ ఇర్-రుమ్మీన్ ప్రశాంతంగా ఉంటాయి. ఆగ్నేయం నుంచి వెచ్చగా, తేమగా వచ్చే ష్లోక్ అనే గాలి వీస్తే లెక్క తిరగబడుతుంది, అప్పుడు ఉత్తరాన ఉన్న రమ్లా, మార్సల్‌ఫోర్న్ మంచివి. ఈశాన్యం నుంచి వచ్చే గ్రిగాల్ మాత్రం మొరటు గాలి. బైబిలులో అపొస్తలుడైన పౌలు ప్రయాణిస్తున్న ఓడను తరిమి తెచ్చిన గాలిగా మన క్రైస్తవ కుటుంబాలలో పిల్లలకు కూడా తెలిసిన ఊరకులోను ఇదేనని చాలామంది భావిస్తారు. ఆ ఓడ బద్దలైన దీవిగా చెప్పే మెలితే మాల్టాయే. గ్రిగాల్ వీచే రోజున రమ్లా వైపు పోవద్దు, పడమర నున్న ష్లెండీకి వెళ్ళండి.

ఇక మీ అత్తగారి కోరిక తీరే చోటు రమ్లా. గోజోలో అన్నిటికంటే పెద్ద ఇసుక తీరం అదే. విక్టోరియా పట్టణం నుంచి వచ్చే బస్సు దాదాపు ఇసుక దగ్గరికే చేరుస్తుంది, మెట్లు దిగే అవసరం లేదు. నీళ్ళు క్రమంగా లోతవుతాయి కనుక ఒడ్డున నిలబడేవాళ్ళకు ఇబ్బంది ఉండదు. అయితే గాలి ఉన్న రోజున అక్కడ లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది, నీటి అడుగున రాళ్ళు కూడా ఉన్నాయి. కాబట్టి మోకాలి లోతు దాటవద్దు. వేసవి నెలల్లో కాపలావాళ్ళు ఉంటారు, జెండాలు ఎగరేస్తారు. ఎర్ర జెండా ఉంటే నీళ్ళలోకి దిగకూడదు. ఊదారంగు జెండా ఉంటే జెల్లీచేపల వంటివి వచ్చాయని అర్థం. సెప్టెంబరు చివరికి కాపలా ఉండకపోవచ్చు, కనుక ఎవరూ లేరనుకునే జాగ్రత్త పడండి. ఇసుక మధ్యలో 1881లో నిలిపిన మరియమాత విగ్రహం ఉంటుంది. అత్తగారు కూర్చోవడానికి దాని దగ్గర చోటు బాగుంటుంది. ఇసుక వెనుక గడ్డి మొలిచిన దిబ్బలు కనబడతాయి, అవి రక్షిత ప్రాంతం, వాటిని తొక్కకూడదు.

రమ్లాకు పక్కనే శాన్ బ్లాస్ అని ఇంకో ఎర్ర ఇసుక తీరం ఉంది. చిన్నది, చాలా అందమైనది. కానీ అక్కడికి దిగే దారి నిట్టనిలువుగా ఉంటుంది, కాబట్టి మీ ఆయన మోకాళ్ళను తలచుకుని దాన్ని వదిలేయండి.

హొండోక్ ఇర్-రుమ్మీన్ పేరులో ఉన్న రుమ్మీన్ అంటే దానిమ్మ. అనంతపురం వాణ్ణి కనుక ఆ పేరు విన్న రోజే నాకు ఆ చోటు మీద అభిమానం పుట్టింది. అక్కడ కొంచెం ఇసుక, కొంచెం గులకరాళ్ళు ఉంటాయి. ఎదురుగా కొమినో దీవి కనబడుతుంది. నీళ్ళు ఎంత స్వచ్ఛంగా ఉంటాయంటే, నడుము లోతులో నిలబడి కాలి గోళ్ళను లెక్కపెట్టవచ్చు. ఇమ్జార్ ఇష్-షీని రెండు రాతి గోడల మధ్య సన్నగా లోపలికి చొచ్చుకు వచ్చిన సముద్రం. గండికోటలో పెన్నా లోయను ఎంతో చిన్నదిగా చేసి, అందులో ఆకుపచ్చని ఉప్పునీళ్ళు నింపినట్టు ఊహించుకోండి. దాని ముఖద్వారం దగ్గర 1661లో కట్టిన కావలి బురుజు ఇప్పటికీ ఉంది. అక్కడ ఒడ్డంతా గులకరాళ్ళే, కనుక నీళ్ళలో వేసుకునే రబ్బరు చెప్పులు నలుగురూ తప్పక తీసుకెళ్ళండి.

మీ ఆయనకు నేను గట్టిగా సిఫారసు చేసేది మార్సల్‌ఫోర్న్ నుంచి ష్వెయ్ని వరకు ఒడ్డు వెంట నడక. చదునైన దారి, సుమారు ఒకటిన్నర కిలోమీటరు. ఆ దారి చివర మెత్తని పసుపు రాయిని చదరాలుగా తొలిచిన వందలాది ఉప్పు మడులు కనబడతాయి. వేసవిలో సముద్రపు నీరు ఆ మడుల్లో ఎండి, పైన పల్చని తెల్లటి పొర కడుతుంది. దాన్ని చీపురుతో మెల్లగా ఊడ్చి కుప్ప చేసి, సంచుల్లోకి ఎత్తుతారు. నేను వెళ్ళిన ఒక సాయంత్రం ఒక ముసలాయన వంగి ఊడుస్తుంటే, చీపురు పుల్లలు ఉప్పు మీద గీసే సన్నని చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. తరతరాలుగా ఆ పని చేస్తున్న కుటుంబాలు రోడ్డు పక్కన రాతిని తొలిచిన గదుల్లో చిన్న చిన్న సంచుల్లో ఆ ఉప్పు అమ్ముతాయి. మడులలో కాలు పెట్టకండి, అది వాళ్ళ పంట.

మాల్టా నుంచి గోజోకు చిర్కెవ్వా రేవులో ఫెర్రీ ఎక్కితే సుమారు ఇరవై అయిదు నిమిషాల్లో ఇమ్జార్ రేవు చేరుకుంటారు. వెళ్ళేటప్పుడు టికెట్ అడగరు, తిరిగి వచ్చేటప్పుడే డబ్బు కట్టాలి. మనలాగే అక్కడ కూడా బండ్లు రోడ్డుకు ఎడమ వైపు నడుస్తాయి. ఇంగ్లీషు కూడా అధికార భాషే కనుక మాటకు ఇబ్బంది లేదు. ఊరి పేర్లలో ‘ఎక్స్’ అక్షరం కనబడితే ‘ష’ అని చదవండి, అప్పుడు బస్సు డ్రైవర్లకు మీ మాట అర్థమవుతుంది.

జవాబు: సంగమేశ్వరం (కర్నూలు)

గుత్తికోట గారు గాలి గురించి చెప్పినది అక్షరాలా నిజం. మేము అది తెలియక నష్టపోయాం కనుక, మా అనుభవం ఇక్కడ రాయడం అవసరమనిపించింది.

గత అక్టోబరులో మేమిద్దరం నాలుగు రోజులు గోజోలో ఉన్నాం. ఉత్తర తీరంలో వీద్ ఇల్-ఆస్రి అనే ఇరుకైన రాతి సందు ఉంది. రెండు ఎత్తైన రాతి గోడల మధ్య మెలికలు తిరిగి వచ్చిన సముద్రం, చివర గుప్పెడంత గులకరాళ్ళ ఒడ్డు. ఫొటోలు చూసి నేను ఎంతో ఇష్టపడి, తప్పకుండా వెళ్ళాలని పట్టుబట్టాను. ఆ రోజు ఉత్తరపు గాలి వీస్తోంది. మేము మాట్లాడుకున్న బండి డ్రైవరును అడిగితే ఏం కాదని చెప్పాడు. దాదాపు వంద మెట్లు దిగి వెళ్ళిన తరువాత, గట్టున నిలబడి ఒక ఫొటో తీసుకుంటుండగా పెద్ద అల ఆ సందు నిండా లేచి వచ్చింది. ఆ ఇరుకులో నీటికి పోవడానికి వేరే చోటు లేదు, అందుకే ఒడ్డున ఉన్న రాళ్ళను దొర్లించుకుంటూ మా మీదికి వచ్చింది. నేను పడిపోయాను. మోకాలి చిప్ప మీద చర్మం లేచిపోయింది, ఒక చెప్పు కొట్టుకుపోయింది. మా ఆయన నన్ను చంకలో చెయ్యి వేసి మెట్ల దాకా ఈడ్చుకొచ్చారు. ఆ మెట్లు ఎక్కడానికి మాకు ముప్పావు గంట పట్టింది. అక్కా, మీవాళ్ళతో దయచేసి ఆ చోటికి వెళ్ళకండి. గాలి లేని రోజున అది స్వర్గంలా ఉంటుందని నమ్ముతాను, కానీ ఆ మెట్లు మీ ఆయనకు తగినవి కావు.

జెల్లీచేపల విషయం. మర్నాడు ష్లెండీలో నీళ్ళలో ఉన్నప్పుడు మా ఆయన ముంజేతికి ఒకటి తగిలింది. అది గులాబీ, ఊదా కలిసిన రంగులో అరచేయంత ఉంటుంది. మధ్యధరా సముద్రంలో ఇదే ఎక్కువగా కనబడుతుందట. నిప్పు కణిక తగిలినట్టు మంట పుట్టిందని ఆయన అన్నారు. నేను కంగారులో సంచిలో ఉన్న తాగే నీళ్ళ సీసా తీసి ఆ చెయ్యి కడిగి, తువ్వాలుతో రుద్దాను. మంట ఇంకా పెరిగింది. పక్కనే రాతి మీద కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వచ్చి, నా చేతిలో సీసా లాక్కుని, సముద్రపు నీళ్ళు దోసిట పట్టి పోయమని చూపించింది. మంచినీళ్ళు తగిలితే చర్మానికి అంటుకున్న విషపు కణాలు మరిన్ని పగులుతాయని, రుద్దితే కూడా అదే జరుగుతుందని ఆవిడ వివరంగా చెప్పింది. కాబట్టి సముద్రపు నీళ్ళతో మాత్రమే కడగాలి, రుద్దకూడదు, అంటుకున్న పోగులు ఉంటే ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా తీయాలి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా వెంటనే 112కు ఫోన్ చేయాలి. మీ అమ్మాయి నర్సు కనుక ఇవన్నీ దానికి తెలిసే ఉంటాయి, అయినా మీకూ తెలిసి ఉండటం మంచిది.

ఇంకొక మాట. కొన్ని తీరాలలో నీటి అంచున ఎండిన గోధుమరంగు ఆకులు మోకాలెత్తు పేరుకుని కనబడతాయి. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిపాయలు ఎత్తిన తరువాత మిగిలిన ఎండు కాడల కుప్పల్లా ఉంటాయి. చూడగానే నేను చెత్త అనుకుని ముఖం తిప్పుకున్నాను. అది చెత్త కాదు. పొసిడోనియా అనే సముద్రపు గడ్డి, నీటి అడుగున పచ్చిక బయలులా పెరిగి, రాలిన ఆకులు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. చలికాలపు అలలు ఇసుకను కోసుకుపోకుండా ఆ కుప్పలే అడ్డం పడతాయి. అందుకే వాటిని తీసేయకపోవడమే మేలని అక్కడివాళ్ళు అంటారు.

జవాబు: సున్నపురాయి (కర్నూలు)

అమ్మా, నేను కళాశాలలో భూగర్భశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. గోజోను ఒకసారి ఆ దృష్టితోనే చూసి వచ్చాను. మీరు అడిగిన ఎర్ర ఇసుక గురించి రెండు మాటలు చెబుతాను.

అది ఫొటోకు వేసిన మెరుగు కాదు. రమ్లా ఇసుక నిజంగానే ఎరుపు, నారింజ కలిసిన రంగులో ఉంటుంది. దానికి కారణం ఇనుప ఆక్సైడ్లు. మన రాయలసీమ ఎర్ర నేలలకు రంగు ఇచ్చేది కూడా ఇనుమే కనుక మీ కంటికి పొలం గుర్తుకు రావడంలో పొరపాటు లేదు. ఆ ఇసుకను అరచేతిలో పోసుకుని ఎండలో కాసేపు చూడండి. ఎర్రని గింజల మధ్య గవ్వల తునకలు తెల్లగా మెరుస్తుంటాయి.

గోజో రాళ్ళు పొరలు పొరలుగా ఉంటాయి. అడుగున గట్టి సున్నపురాయి, దాని మీద ఇళ్ళు కట్టుకునే మెత్తని పసుపు సున్నపురాయి, దాని మీద నీలి బంకమట్టి, ఆపైన పల్చని ఆకుపచ్చ ఇసుకరాయి, అన్నిటికీ పైన మళ్ళీ గట్టి సున్నపురాయి. మన కర్నూలు, కడప ప్రాంతపు సున్నపురాళ్ళు 50 కోట్ల సంవత్సరాలకు పైబడినవి కాగా, ఆ దీవి రాళ్ళు 3 కోట్ల సంవత్సరాల లోపువే. ఈ పొరల వరుస తెలుసుకోవడం చదువు కోసం మాత్రమే కాదు, ప్రాణ రక్షణకు కూడా పనికొస్తుంది. వాన పడినప్పుడు మధ్యలో ఉన్న బంకమట్టి నానుతుంది, పైన బరువుగా కూర్చున్న బండలు దాని మీద జారి కిందికి దొర్లుతాయి. సెప్టెంబరు చివర నుంచి అక్కడ వానలు మొదలవుతాయి, ఉరుములతో ఒక్కసారిగా కురుస్తాయి. కాబట్టి వాన పడిన మర్నాడు బంకమట్టి వాలుల మీద నడవకండి, కొండ చరియల నీడ చల్లగా ఉంది కదా అని వాటి కింద కూర్చోకండి.

పశ్చిమ తీరంలో ద్వెయ్రా అనే చోటు ఉంది. అక్కడ నీలి కిటికీ అని పేరుపడ్డ సహజమైన రాతి తోరణం ఉండేది. 2017 మార్చి 8న వచ్చిన తుఫానులో అది కూలి సముద్రంలో కలిసిపోయింది. అది లేకపోయినా ద్వెయ్రా తప్పక చూడవలసిన చోటే. మీరు బెలూం గుహలకు వెళ్ళి ఉంటే, బావి లాంటి గొయ్యిలోకి దిగి లోపలికి పోవడం గుర్తుండే ఉంటుంది. నీరు సున్నపురాయిని లోపల కరిగిస్తూ పోతే, చివరకు పైకప్పు కూలి అటువంటి గొయ్యి ఏర్పడుతుంది. ద్వెయ్రాలో అదే పని ఎంతో పెద్ద ఎత్తున జరిగింది. పైకప్పు కూలిన గుంటలోకి, రాతిలో ఏర్పడిన సొరంగం గుండా సముద్రం వచ్చి నిండింది. దాన్నే లోపలి సముద్రం అంటారు. జాలరులు చిన్న పడవల్లో ఆ సొరంగం గుండా బయటి సముద్రంలోకి తీసుకెళ్ళి తెస్తారు. మీ అత్తగారు పడవ ఎక్కడానికి భయపడితే ఒడ్డున గులకరాళ్ళ మీద కూర్చోవచ్చు. చుట్టూ కొండ, మధ్యలో నిశ్చలమైన నీరు, ఆ చోటు ఆమెకు సముద్రం కంటే మన ఊరి కోనేటిని ఎక్కువగా గుర్తుచేస్తుంది.

ప్రశ్న వేసినవారు: పెన్నాతీరం (కడప)

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ జవాబులు మా అత్తగారికి చదివి వినిపించాను. ఉప్పు ఊడ్చే ముసలాయన గురించి రెండుసార్లు చదివించుకున్నారు. బండిని ఆరు రోజులకు కలిపి మాట్లాడుకోవద్దని అమ్మాయికి చెప్పాను. ఇంకొక్క సందేహం మిగిలింది. గది ఏ ఊళ్ళో తీసుకోవాలి? గాలి ఎటు నుంచి వీస్తోందో రోజూ ఉదయం మాకు ఎలా తెలుస్తుంది?

జవాబు: గుత్తికోట (అనంతపురం)

అక్కగారూ, గది విక్టోరియాలో తీసుకోండి. అది దీవికి నడుమ ఉంది, బస్సులు చాలావరకు అక్కడి నుంచే బయలుదేరతాయి, ఏ తీరానికైనా దాదాపు ఒకే దూరం. చాలా దారుల్లో గంటకు ఒకటే బస్సు ఉంటుంది కనుక, అత్తగారిని ఎండలో నిలబెట్టకుండా సమయం చూసుకుని బయలుదేరండి. హొండోక్‌కు, ఇమ్జార్ ఇష్-షీనికి మాత్రం టాక్సీలో వెళ్ళడం మేలు.

గాలి దిక్కు ఫోన్‌లో వాతావరణం చూపే చోటే ఉంటుంది. బాణం గుర్తు ఉంటే అది గాలి ఎటు పోతోందో చూపుతుందా, ఎటు నుంచి వస్తోందో చూపుతుందా అని మొదటి రోజే సరిచూసుకోండి, ఎందుకంటే ఒక్కొక్కచోట ఒక్కొక్క పద్ధతిలో చూపిస్తారు. ఇంకా సులువైనది కోట ఎక్కడం. విక్టోరియా నడిబొడ్డున చిట్టడెల్లా అనే కోట ఉంది, ఏటవాలు దారిలో మెల్లగా నడిచి పైకి పోవచ్చు. దాని గోడ మీద నిలబడితే దీవి నాలుగు వైపులా కనబడుతుంది. ఉత్తరం వైపు సముద్రం మీద తెల్లని నురగ గీతలు కనబడితే ఆ రోజు దక్షిణం వైపు వెళ్ళండి. ఉదయం ఏడు గంటలకు మీ ఆయన ఒక్కరే నడిచి వెళ్ళి చూసి వచ్చినా చాలు, ఈలోగా మీరు అత్తగారికి కాఫీ కలిపి సిద్ధంగా ఉండవచ్చు.